గొంతు ఎక్కడికి పోయింది

అత్తగారు బట్టల బీరువాలో తల దూర్చి నవల చదువుతున్నారంటే ఇంట్లో ఎవరూ కుళాయి తిప్పకూడదు. అది తెలుసు కాబట్టే కొడుకు సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో వాష్‌బేసిన్ ముందు నిలబడిపోయాడు. కోడలు కెటిల్ కూత పెట్టకముందే మూత తీసేసి, దొంగలా అడుగులు వేసుకుంటూ గది గుమ్మం దాకా వచ్చి ఆగింది.

బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. వేలాడే చొక్కాలూ దుప్పట్లూ గదిలోని మార్మోతను మింగేస్తాయని అత్తగారు తనంతట తానే కనిపెట్టారు. మడతపెట్టిన తువ్వాళ్ళ మధ్య మైకు. ఎదురుగా ముక్కాలిపీట మీద అత్తగారు, ఒళ్ళో పుస్తకం, పక్క కుర్చీలో లాప్‌టాప్. పేజీ తిప్పే ముందు మూలను వేలితో ఎత్తిపట్టి, ఊపిరి బిగబట్టి, నిద్రపోతున్న పసిపాపను పక్కకు జరిపినంత మెల్లగా తిప్పుతారు. అధ్యాయం ముగిసింది. ఆఖరి మాట గాలిలో సద్దుమణిగే దాకా ఆగి, తెర మీద ఎర్రచుక్క నొక్కారు.

"ఇక మీరు బతకొచ్చు," అన్నారు వెనక్కి తిరగకుండానే.

కొడుకు కుళాయి తిప్పాడు.

రెండు వీధుల అవతల చూపు లేనివాళ్ళ కోసం నడిచే శబ్ద గ్రంథాలయం ఉంది. అత్తగారు చదివినవన్నీ అక్కడికే వెళ్తాయి. అక్కడ ఆమె గొంతు కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళలో ఒక మాజీ బస్సు డ్రైవరు మరీను. పోయిన వారం ఫోన్ చేసి, "ఆ పిల్ల పెళ్ళికి ఒప్పుకుందో లేదో ఒక్క ముక్క చెప్పండమ్మా, మిగతాది తర్వాత వింటాను," అని బతిమాలాడు. అత్తగారు చెప్పలేదు. "పుస్తకం వినాలి గానీ కబురు వింటారా," అని ఫోన్ పెట్టేసి, రోజంతా మురిసిపోయారు.

రికార్డు చేసే ప్రోగ్రాం పేరు 'గొంతుక'. కంపెనీ సరుకు కాదు. తలా ఒక ఊళ్ళో ఉన్న పదిమంది తీరిక వేళల్లో రాసి, ఊరికే పంచిపెడతారు. లోపలి రాత కూడా దాచుకోరు, ఎవరైనా చూడొచ్చు, తోచింది దిద్దొచ్చు. కోడలు ఆ పదిమందిలో ఒకతె. ప్రోగ్రాం రాయడం రాదు గానీ మాటలు వచ్చు. ఇంగ్లీషులో ఉన్న ఆ బటన్లనూ మెనూలనూ తెలుగులోకి మార్చింది ఆమే. ఆ గుంపులో అందరికీ మారుపేర్లే, ఆమెను 'నిఘంటువు' అంటారు. అత్తగారి లాప్‌టాప్‌లో గొంతుకను ఎక్కించింది కూడా ఆమే. చదివినవి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చేదీ ఆమే, ఈ మధ్యే అత్తగారు ఆ పని తానే చేసుకుంటానన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో భోజనాల వేళ. కోడలి ఉద్యోగం మందుల డబ్బాల్లో మడతలుగా పెట్టే కాగితాలు దిద్దడం. చీమ తలకాయంత అక్షరాలు, ఎవరూ చదవనివి. అన్నం డబ్బా మూత ఒక చేత్తో తీస్తూ, రెండో చేత్తో గొంతుక ఫోరం తెరిచింది. తెలుగువాళ్ళకని విడిగా పెట్టిన పేజీలో పైనే ఒక కొత్త ప్రశ్న. అడిగిన మనిషి పేరు 'బీరువా'.

"అయ్యలారా, అమ్మలారా," అని మొదలైంది. "నేను నిన్న ఒక అధ్యాయం చదివాను. చదువుతుంటే గీతలు పైకీ కిందికీ బాగానే ఊగాయి. భద్రపరచు అని ఉన్నచోట నొక్కి భద్రపరిచాను. ఈ ఉదయం ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తీసుకెళ్తే అందులో గొంతు లేదన్నారు. ఇంతకుముందూ ఇలాగే అయింది. నా గొంతు ఎక్కడికి పోయింది? తెలిసినవారు దయచేసి చెప్పగలరు."

కోడలి చేతిలో మూత అలాగే ఉండిపోయింది. కింద జవాబులు చదివింది. ఒకడు "జలుబు చేసిందేమో, మిరియాల కషాయం తాగండి," అని రాశాడు. ఇంకొకడు నవ్వే బొమ్మ పెట్టాడు. మూడోది గొంతుకను మొట్టమొదట రాసిన మనిషిది. గుంపుకు పెద్దాయన. ఏ చర్చ నచ్చకపోయినా తాళం వేసేస్తాడు గనుక ఆయన్ని చాటుగా 'తాళాలాయన' అంటారు.

"భద్రపరచడం వేరు, ఎగుమతి వేరు. ఈ ముక్క ఇదివరకే చాలాసార్లు చెప్పాం. సహాయ పుటలు చదువుకోండి. చదివే ఓపిక లేకపోతే ఈ ప్రోగ్రాం మీకోసం కాదు. ఉచితంగా ఇస్తున్నాం, నచ్చకపోతే వాడకండి." ఆ కింద చిన్న తాళం బొమ్మ. ఇక ఎవరూ ఏమీ రాయడానికి లేదు.

కోడలికి చెవులు వేడెక్కాయి. ఆయనకు విడిగా ఒక ఉత్తరం మొదలుపెట్టింది. "పెద్దమనిషి అనుకున్నాను" అని రాసి చెరిపేసింది. "మీ ఇంట్లో ఆడవాళ్ళు లేరా" అని రాసి అదీ చెరిపేసింది. అప్పుడు గుర్తొచ్చింది, పోయిన నెల ఇలాంటి జవాబు కిందే తానూ ఒక నవ్వు బొమ్మ పెట్టింది. అప్పుడు అడిగింది ఎవరి అత్తగారో.

అన్నం డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు వంటగదిలో బఠానీలు ఒలుస్తున్నారు. కోడలు చేతులు కడుక్కుని ఎదురుగా కూర్చుని తానూ ఒలవసాగింది.

"గ్రంథాలయంలో ఏమన్నారత్తయ్యా?"

"ఏమంటారు, ఖాళీ సంచీ తెచ్చారన్నారు."

"నన్ను అడగొచ్చు కదా."

"పొద్దస్తమానం అక్షరాలు చూసి చూసి నీ కళ్ళు చింతనిప్పుల్లా అవుతాయి, వచ్చాక మళ్ళీ నేను కూడానా? ఊరంతా ఖాళీగా కూర్చుని కబుర్లాడుకునే చోటు ఒకటుందిగా, అక్కడ అడిగాను."

"ఏమన్నారు?"

"చదువుకోమన్నారు." అత్తగారు ఒక కాయ చీల్చి గింజలు గిన్నెలోకి దులిపారు. "ఈ వయసులో నన్ను చదువుకోమన్నవాళ్ళు లేరమ్మాయ్, ముచ్చటేసింది."

కోడలు నవ్వింది. అత్తగారూ నవ్వారు. కానీ ఆరేసిన బట్టలు తీసి లోపల పెడదామని వెళ్ళిన కోడలికి బీరువా తలుపులు మూసి కనిపించాయి. తువ్వాళ్ళ మధ్య మైకు లేదు. దాన్ని తీగతో సహా చుట్టచుట్టి అట్టపెట్టెలో సర్ది, మంచం కిందికి నెట్టేసి ఉంది.

"గొంతుకి కాస్త విశ్రాంతి," అన్నారు అత్తగారు వెనక నుంచి. "ఆ డ్రైవరుగారికి ఇంకెవరైనా చదువుతారులే."

గొంతుక గుంపువాళ్ళు ఏడాదికొకసారి ఎక్కడో ఒకచోట కలుస్తారు. ఈసారి వంతు ఈ ఊరిది, ఆ వారాంతమే. అనువాదం ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి కోడలికి కాసేపు సమయం ఇచ్చారు. శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర ఆమె ఆ కాగితాలు మడిచి పక్కన పెట్టేసింది.

"అత్తయ్యా, రేపు నాతో రండి. నేను చెప్పేదేమీ లేదు. మీరు వాళ్ళ ముందు కూర్చుని ఒక పేజీ చదివి, పెన్‌డ్రైవ్‌లో వెయ్యండి. వాళ్ళు చూస్తారు."

"నలుగురిలో నన్ను నవ్వులపాలు చేస్తావా?"

"మీరు కాదు. ఎవరు నవ్వులపాలవుతారో చూద్దాం."

"అంటే అల్లరి చేద్దామంటావు."

"అలాగే అనుకోండి."

అత్తగారు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టారు. "ఆ మాట ముందే అనొచ్చు కదా. ఏ బట్టలు కట్టుకోను?"

కొడుకు తల్లినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. "పాపం వాళ్ళు," అని అన్నంలో చెయ్యి పెట్టాడు.

సమావేశం ఒక పాత టైపింగ్ స్కూలు మేడ మీద. పొడవాటి బల్లలు, గోడల వెంట పాముల్లా తీగలు, ప్రతి మనిషి ముందూ ఒక లాప్‌టాప్, దాని మూత నిండా స్టిక్కర్లు. ఒకరినొకరు ఏళ్ళ తరబడి మారుపేర్లతోనే ఎరిగినవాళ్ళు, 'మీరేనా ఆ మీరు' అని చేతులు కలుపుకుంటున్నారు. కోడలు తాళాలాయన కోసం వెతికింది. మనసులో ఆయనకు బుర్రమీసాలు, ఎర్రకళ్ళు పెట్టుకుంది.

ఆయన బల్ల కింద ఉన్నాడు. సాకెట్టు బిగిస్తుంటే మొదట కనిపించింది ఆయన రెండు అరికాళ్ళే. బయటికి వచ్చాక చూస్తే సన్నటి మనిషి, ముంజేతుల మీద గ్రీజు మరకలు ఎన్నిసార్లు కడిగినా పోనట్టుగా మిగిలి ఉన్నాయి. లిఫ్టులు బాగుచెయ్యడం ఆయన వృత్తి.

"నిఘంటువుగారా? మెడనొప్పి అన్నారు పోయినసారి, తగ్గిందా? ఇలా కూర్చోండి, ఆ కుర్చీకి వీపు బాగుంటుంది," అన్నాడు. అత్తగారికి ఇంకో కుర్చీ తనే తెచ్చి, దాని మీద దుమ్ము జేబురుమాలుతో తుడిచాడు. "అమ్మగారా? సంతోషం."

కోడలికి కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. రెండు రోజులుగా మోసుకొచ్చిన బరువు, దించడానికి అరుగే లేదు.

తన వంతు రాగానే లేచి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది. 'ఎవరూ మాట్లాడకూడదు. వేలు చూపకూడదు. నిట్టూర్చకూడదు.' రాసి వెనక్కి తిరిగింది.

"ఈవిడ మా అత్తగారు. గొంతుకను రోజూ వాడతారు. ఇప్పుడు ఒక పేజీ చదివి, దాన్ని ఇంకొకళ్ళు వినేలా ఈ పెన్‌డ్రైవ్‌లో వేసి నాకిస్తారు. మనం చూస్తాం. అంతే. అత్తయ్యా, మనసులో ఏమనుకుంటే అది పైకి అనండి."

"అన్నీనా?" అన్నారు అత్తగారు.

"అనదగినవి."

తెరను గోడ మీదికి వేశారు. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, గొంతు సర్దుకుని, ఎర్రచుక్క నొక్కి మొదలుపెట్టారు. రేవులో పడవ నడిపే ఒకావిడ కథ అది. సంతకు వెళ్ళే జనమంతా పడవెక్కేశారు, ఒక మేక మాత్రం ఎక్కనంటుంది. లాగితే కూలబడుతుంది. గడ్డి చూపిస్తే గడ్డి తిని మళ్ళీ కూలబడుతుంది. పడవలో ప్రతివాడూ ఒక సలహా చెప్తాడు. అత్తగారు ఒక్కో మనిషికి ఒక్కో గొంతు పెట్టి చదువుతుంటే టకటకమనే కీబోర్డులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మేక వంతు వచ్చినప్పుడు ఆమె ఏమీ అనలేదు, కాస్త ఆగారంతే. ఆ ఆగడానికే గది పకపకలాడింది. పేజీ అయిపోగానే ఆపేశారు.

"ఇంతకీ మేక ఎక్కిందా?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు.

కోడలు బోర్డు వైపు చూపించింది. అడిగినవాడు నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇప్పుడు దీన్ని దాచుకోవాలి," అన్నారు అత్తగారు తనలో తాను. "ఇదిగో, భద్రపరచు. నొక్కాను. భద్రంగా ఉంది." పెన్‌డ్రైవ్‌లోకి ఫైలు లాగి, ఊడదీసి, కోడలికి ఇచ్చారు. కోడలు దాన్ని పక్కనే సిద్ధంగా ఉంచిన పాటలు వినే పెట్టెకు తగిలించింది. పెట్టె గురగుర అని ఊరుకుంది.

"చూశారా, మళ్ళీ పోయింది," అన్నారు అత్తగారు.

ఎక్కడో ఒక కిసుకు నవ్వు వినిపించింది. ఆమె మళ్ళీ లాప్‌టాప్ వైపు తిరిగారు. మెనూ తెరిచి, ఒక్కో మాట మీదా బాణాన్ని ఆపుతూ పైకి చదివారు. "తెరువు. తెరిచే ఉంది. భద్రపరచు. పరిచాను. ఎగుమతి..." అక్కడ కాస్త ఆగి, గబుక్కున దాటేసి, "అమరికలు" మీదికి వెళ్ళారు. అమరికల్లో ఏవో గడులు వచ్చాయి. బయటికి వచ్చి మళ్ళీ మొదటి నుంచి. "తెరువు. భద్రపరచు. ఎగుమతి..." మళ్ళీ దాటేశారు.

కిసుకులు ఆగిపోయాయి. బొమ్మలు గీసే అమ్మాయి చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. కషాయం తాగమన్నవాడు తల వంచుకున్నాడు. తాళాలాయన రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, లేకపోతే అవి వాటంతట అవే లేచేట్టున్నాయి. అత్తగారి బాణం ఎగుమతి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన ముందుకు వాలుతున్నాడు, దాటిపోగానే వెనక్కి వాలుతున్నాడు. ఆయనతో పాటు గది సగం ఊగుతోంది.

ఇక ఉండబట్టలేక లేచాడు. "క్షమించాలి, నియమం తప్పుతున్నాను. అమ్మా, ఆ ఎగుమతి దాకా వస్తారు, నొక్కరు. ఎందుకు?"

అత్తగారు ఆయన వైపు చూడలేదు. కోడలి వైపు చూశారు. "చెప్పనా?"

"చెప్పండత్తయ్యా, అందుకే వచ్చాం."

"ఎగుమతి అంటే సరుకు ఓడకెక్కించి పరదేశాలకు పంపడం కదా నాయనా. నా గొంతు రెండు వీధుల అవతలికి వెళ్తే చాలు. అది నొక్కితే ఎక్కడికి పోతుందో, మళ్ళీ తెచ్చుకోగలనో లేదో అని భయం."

గది ఒక్కసారి గొల్లుమంది. ఆ నవ్వులో ఇందాకటి కిసుకు లేదు. అత్తగారు కూడా నవ్వారు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు, తుడవడానికి అందులో ఏమీ లేకపోయినా.

నవ్వనిది కోడలొక్కతే. ఆ మాట తనది. మూడు నిఘంటువులు తిరగేసి, 'ఎక్స్‌పోర్ట్‌'కు సరిగ్గా అతికినట్టుందని పట్టుకొచ్చిన మాట. ఇక్కడికి తాళాలాయన్ని కూర్చోబెట్టి చూపిద్దామని వచ్చింది. తనూ అదే వరసలో కూర్చుని ఉందని ఇప్పుడు తెలిసింది.

"ఆ మాట పెట్టింది నేను," అంది. గొంతు ఆమె అనుకున్నదానికంటే చిన్నగా వచ్చింది.

తాళాలాయన ఆమె వైపు చూశాడు. ఒక మంచి దెబ్బ కొట్టే అవకాశం అది, ఆయన దగ్గర అలాంటి జవాబులు బోలెడు. తల అడ్డంగా ఊపాడు.

"మీరు నేను రాసిన మాటను మక్కికి మక్కి దించారు. అసలు మాట నాది. దీన్ని మొదట లిఫ్టు మోటార్ల చప్పుడు రికార్డు చెయ్యడానికి రాసుకున్నాను. చప్పుడు వింటే ఏ బేరింగు అరిగిందో తెలుస్తుంది. ఆ ఫైళ్ళు నిజంగానే ఇంకో దేశంలో ఉన్న కంపెనీకి పంపేవాణ్ణి. నాకు అది ఎగుమతే." ముంజేతి మీది గ్రీజు మరకను బొటనవేలితో రుద్దుకున్నాడు. "మోటార్లకు రాసినదానిలోకి మనుషులు వచ్చి కూర్చున్నారు. నేను గమనించనే లేదు."

అప్పుడు ఏదో తట్టినట్టు అత్తగారి వైపు తిరిగాడు. "పెన్‌డ్రైవ్, పోయిన గొంతు... మీరు ఆ బీరువాగారా?"

"నేనే నాయనా. బీరువాకి తాళం వేసింది నువ్వేనా?"

ఆయన ముఖం చెవులదాకా కందిపోయింది. నవ్వాలో వద్దో తెలియక గది అంతా బిగదీసుకుని ఉంది. చివరికి అత్తగారే పకపకా నవ్వేసరికి అందరికీ ఊపిరి వచ్చింది.

"తప్పయిందమ్మా," అన్నాడు ఆయన. "డ్యూటీ నుంచి వచ్చాక రోజూ అవే ప్రశ్నలు. ఒకే ప్రశ్న అంతమంది అడుగుతున్నారంటే తప్పు వాళ్ళది కాదేమో అని ఒక్కసారీ అనుకోలేదు. చిరాకు మాత్రం పడ్డాను."

"అంతమందికి జవాబు చెప్పేవాడికి ఆమాత్రం విసుగు రాదా," అన్నారు అత్తగారు. "ముందు టీ తాగు."

టీ మెట్ల దగ్గర ఇచ్చారు. కోడలు కప్పు పట్టుకుని అత్తగారి పక్కన మెట్టు మీద చతికిలబడింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదత్తయ్యా? ఆ మాట అర్థం కావట్లేదని ఒక్కసారి అంటే నిమిషంలో మార్చేదాన్ని."

"నీ మాటలన్నీ వరసగా చదివి వినిపించావు గుర్తుందా, పూర్తయిన రోజు? ఎగుమతి దగ్గరికి వచ్చేసరికి ఎంత మురిసిపోయావు. ఎట్లా అంటానే?" అత్తగారు టీ ఊదుకున్నారు. "మాట మంచిదే. పని చెయ్యడం లేదు, అంతే. మా చెల్లెలి మొదటి మొగుడిలాగా."

కోడలికి టీ పొలమారింది. దగ్గుతూ నవ్వుతూ ఉంటే అత్తగారు వీపు మీద చరిచారు.

ఆ మధ్యాహ్నం కార్యక్రమంలో ఉన్నవన్నీ పక్కకు పోయాయి. బోర్డు నిండా మాటలు పడ్డాయి. 'మూట కట్టు' అని ఒకరు, 'పంచు' అని ఒకరు. ఏది నిలుస్తుందో తేల్చడానికి బొమ్మలమ్మాయి కిందికి వెళ్ళి టైపింగ్ స్కూలు వాచ్‌మన్‌ను పట్టుకొచ్చింది. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, నాలుగు ముక్కలు పాడి, 'పంచు' దగ్గర ఆగిపోయాడు. "పంచితే ముక్కలైపోదా?" అన్నాడు. 'పంచు' కొట్టేశారు. టీ తెచ్చినావిడ 'మూట కట్టు' చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఉండిపోయింది. అదీ పోయింది. ప్రతిసారీ నియమం అదే, నోరు మెదపకూడదు. ఇంజనీర్లు పెదాలు బిగబట్టి, కుర్చీ చేతులు పట్టుకుని, పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నారు. కోడలు బోర్డు దగ్గర సుద్దముక్కతో నిలబడి, తను తెచ్చిన మాటలను తనే కొట్టేస్తూ పోయింది. మొదటి రెండు కొట్టేసేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది. తర్వాత ఆటలో పడింది.

ఒప్పుకోనివాళ్ళూ లేకపోలేదు. గుంపులో చాలాకాలంగా ఉన్న ఒకతను చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. "ఇంత సులువు చేస్తే ప్రతివాళ్ళూ వచ్చిపడతారు," అన్నాడు. "నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్ళే రావాలి. మనమంతా అలాగే వచ్చాం కదా."

తాళాలాయన లాప్‌టాప్ నుంచి తల ఎత్తలేదు. "రానీ. లిఫ్టెక్కేవాళ్ళను మోటారు ఎలా తిరుగుతుందో చెప్పి ఎక్కమని నేను ఏనాడూ అడగలేదు. ఇక్కడెందుకు అడిగానో నాకే తెలియదు," అన్నాడు. ఆ గోడమనిషి ఇంకా ఏదో అనబోయి, మూడో మనిషి వచ్చి కుర్చీలో కూర్చోగానే ఆగిపోయాడు. కాసేపటికి అతనూ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పెదాలు అందరికంటే గట్టిగా బిగబట్టింది అతనే.

ఆదివారం మధ్యాహ్నానికి మెనూలో మాటలు మారాయి. భద్రపరచు ఉన్నచోట 'పనిని దాచిపెట్టు' వచ్చింది. ఎగుమతి ఉన్నచోట 'వినడానికి ఫైలు చెయ్యి' వచ్చింది. అది ఏ నిఘంటువులోనూ లేదు. ఫైలు చెయ్యకుండా మూసేయబోతే 'దీన్ని ఎవరైనా వినాలా?' అని గొంతుక తనే అడిగేలా తాళాలాయన రాశాడు. రాస్తుంటే ఆయన వేళ్ళు కీబోర్డు మీద పరుగెత్తడం చూసి అత్తగారు, "వీణ వాయిస్తున్నట్టుంది," అన్నారు.

అంతా అయ్యాక గుంపులో కొత్త చిక్కు వచ్చింది. మాటలు పరీక్షించడానికి తెలియని మనుషులు కావాలి, మేడ మీదా కిందా అందరూ అయిపోయారు. వాచ్‌మన్ అయితే అప్పటికే మూడోసారి పాడి, ఇంకో పాట అందుకోబోతున్నాడు.

అత్తగారు సంచీలోంచి ఇంకా తెరవని పుస్తకం ఒకటి తీశారు. "ఇంకొకరు మిగిలారు కదా," అని తాళాలాయన ముందు పెట్టారు. "నువ్వు దీంట్లో ఎప్పుడైనా చదివావా నాయనా?"

"నేనా? చప్పుళ్ళు రికార్డు చేశానమ్మా. గొంతు ఎప్పుడూ..."

"అయితే కూర్చో."

ఆయన కూర్చున్నాడు. తను రాసిన ప్రోగ్రాం ముందు, అందరూ చూస్తుండగా, కొత్తవాడిలా కూర్చున్నాడు. మైకు వైపు అనుమానంగా చూశాడు. ఎర్రచుక్క నొక్కి, మొదటి వాక్యం ఒక్క గుక్కలో చదివేశాడు. రెండోదీ అంతే. ఎండాకాలం ఊరి మీద మొదటి వాన పడే ఘట్టం అది. ఆయన గొంతులో అది 'ఒకేసారి నలుగురి కంటే ఎక్కువ ఎక్కరాదు' అన్నట్టుగా ఉంది.

ఇప్పుడు వెనక కుర్చీలో అత్తగారు ఉన్నారు, నియమం ఆమెకూ వర్తిస్తుంది. అరచేతులు తొడల కింద పెట్టుకున్నారు. పెదాలు బిగించారు. ఒక కామా ఏ మర్యాదా అందకుండా దొర్లిపోయింది. కళ్ళు మూసుకున్నారు. ఇంకొకటి పోయింది. కోడలు ఆమె ముఖం చూస్తూ పైట చెంగు నోట్లో కుక్కుకుంది.

మూడో కామా దగ్గర అత్తగారు ఓడిపోయారు. "నాయనా, అక్కడ ఊపిరి పీల్చుకో. వాన ఎక్కడికీ పోదు."

గది పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వింది కూడా రికార్డయింది, ఆపలేదు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి కామా దగ్గర ఆగాడు. ఆగిన చోట కిటికీ అవతలి వీధి చప్పుడు కాస్త వినిపించింది. తర్వాతి మాట కొంచెం మెత్తగా వచ్చింది, దాని తర్వాతిది ఇంకొంచెం.

పేజీ పూర్తయ్యాక వినడానికి ఫైలు చేశాడు. వెతుక్కోలేదు. పెట్టెలోంచి ఆయన గొంతు వచ్చింది. మొదట గరగర, తర్వాత ఆ నవ్వు, తర్వాత వాన. ఆయన మెడ పక్కకు వంచి, మోటారు వింటున్నట్టుగా విన్నాడు.

"ఇది నేనేనా?"

"నువ్వే," అన్నారు అత్తగారు.

ఆయన పుస్తకం తన వైపు లాక్కుని, పేజీ మూల వేలితో ఎత్తిపట్టి, చప్పుడు కాకుండా తిప్పాడు.